నా ముక్కకు నేనే వేసిన మార్కులు

మెదక్‌లో మా ఇంటి బీరువా పై అర నా ఫైలుది. పట్టాదారు పాసుబుక్కు కింది అరలో ఉంటుంది, పిల్లల మెమోలు సూట్‌కేసులో ఉంటాయి, మా ఆవిడ బంగారం ఎక్కడ పెడుతుందో నాకు చెప్పదు. పై అరలో ఫైలు పక్కన ఇంకేదైనా కనబడితే మాత్రం నాకు కోపం వచ్చేది. నేను ఎంత ఎదిగానో చెప్పే కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. శిక్షకుల శిక్షణ, అసెసర్ల శిక్షణ, టైమ్ మేనేజ్‌మెంట్, సాఫ్ట్ స్కిల్స్, ఫోనులో చేసిన కోర్సులు, వాటి మూలన క్యూఆర్ కోడ్లు. చుట్టాలొస్తే చాయ్ కన్నా ముందు ఫైలు వచ్చేది. ఒకసారి మా బావమరిది ఓపిగ్గా అన్నీ తిరగేసి, "ఇన్ని నేర్సుకుంటివి గద బావా, మా బోరు మోటరు స్టాండు ఇరిగింది, జర వెల్డింగ్ కొట్టియ్యరాదు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను ట్రైనర్ని, అసెసర్ని. వెల్డింగ్ కొట్టేవాణ్ని కాదు గదా!

ఈ రాసేదంతా, ఆరోజు మనసులో అనుకున్న ఆ ఒక్క మాటలో ఎంత తెలివితక్కువతనం ఉందో చెప్పడానికే.

నిజానికి నేను పుట్టు వెల్డర్నే. ఎనిమిది పాసైతే ఐటీఐలో చేర్చుకునే ఏడాది ట్రేడ్ అది. తర్వాత బాలానగర్ షెడ్లలో పని చేశాను. వెలుగు తగిలిన రాత్రి కళ్లు మండిపోతుంటే రెప్పల మీద ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుని పడుకునేవాళ్లం. ఆ కళ్లమంటల నుంచి తప్పించుకోవాలనే విద్యానగర్‌లో సీఐటీఎస్ చేశాను, అంటే ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేసే ఏడాది కోర్సు. ఇందులో నాకు భలే నచ్చే సంగతి ఒకటుంది. మన దేశంలో ఐటీఐ చదువులకు మూలమైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీము 1950లో మొదలైంది. ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణ ఇచ్చే మొదటి సంస్థను బిలాస్‌పూర్ దగ్గర కోనిలో 1948లోనే పెట్టారు. పిల్లల కన్నా ముందు పంతుళ్లను బడిలో కూర్చోబెట్టారన్నమాట. 1960లలో హైదరాబాదు, మద్రాసు, బొంబాయి, కాన్పూరు, హౌరా, లూధియానాల్లో ఇంకో ఆరు వచ్చాయి. ఇప్పుడు వాటిని ఎన్‌ఎస్‌టీఐలు అంటున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే ఎవరికో ఆ ముందుచూపు ఉంది. నాకే లేకపోయింది. ఒకసారి బడి దాటితే మళ్లీ ఆ గడప తొక్కే పని ఉండదనుకున్నాను.

అక్కడ నాలుగు మెట్ల పద్ధతి నేర్పారు. నేర్చుకునేవాణ్ని సిద్ధం చేయాలి, చేసి చూపించాలి, వాడితో చేయించాలి, వచ్చిందో లేదో పరీక్షించాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కర్మాగారాల్లోకి పని తెలియని జనం లక్షల్లో వచ్చిపడినప్పుడు 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' పేరుతో ఈ మెట్లనే వాడారు. నేర్చుకునేవాడికి పని రాలేదంటే నేర్పేవాడు నేర్పలేదనే వాళ్ల లెక్క. తూప్రాన్ వైపు హైవే పక్కన ఒక కంపెనీలో నేను ట్రైనర్‌గా చేరగానే ఆ మాటను రంగుల్లో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, ట్రైనింగ్ హాల్లో గోడకు కొట్టించాను. పిల్లలంతా దానికి ఎదురుగా కూర్చునేవాళ్లు. నేను దానికి వీపు పెట్టి నిలబడేవాణ్ని.

ఇక నా 'నిరంతర అభివృద్ధి' ఎలా సాగేదో చెబుతాను. వర్క్‌షాపు పిలుపు వస్తే ముందు రోజే ఇస్త్రీ చేయించేవాణ్ని. మొదటి గంట పరిచయాలు, రెండో గంట బెలూన్లు ఊదే ఆట, తర్వాత పేపర్లతో టవర్ కట్టే ఆట. మధ్యాహ్నం భోజనం బాగుంటే ఫీడ్‌బ్యాక్ ఫారంలో అన్నిటికీ అయిదు చుక్కలు. సాయంత్రం జిప్పున్న సంచీ, గ్రూపు ఫోటో, సర్టిఫికెట్. ఆన్‌లైన్ కోర్సులైతే ఇంకా హాయి. వీడియోను రెట్టింపు వేగంతో వదిలేసి చిక్కుడుకాయ ఈనెలు తీసేవాణ్ని. క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చేసేవి. ఆ గ్రూపు పేరు 'ప్రొఫెషనల్ ఎక్సలెన్స్'. నవ్వండి, పర్వాలేదు.

ఇంకో గొప్ప కూడా పోయేవాణ్ని. బయటివాళ్లకు మెదక్ అంటే రెండే తెలుసు. ఒకటి చర్చి. కరువులో జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ దొర కట్టించినది, 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. రెండోది ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ. సైన్యానికి 'శరత్' యుద్ధ వాహనాలు తయారుచేసేది. దాని పేరులో మెదక్ ఉందిగానీ, అది ఉండేది మా ఊళ్లో కాదు, ఎద్దుమైలారంలో. 2016లో జిల్లాలు విడదీశాక అది సంగారెడ్డి జిల్లాలోకి పోయింది. వర్క్‌షాపుల్లో ఎవరైనా "మెదక్ నుంచా? ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీయా సార్?" అని అడిగితే నేను అవునని చెప్పేవాణ్ని కాదు. కాదనీ చెప్పేవాణ్ని కాదు. కొంచెం నవ్వి, "మా ఏరియానే" అనేవాణ్ని. యుద్ధ వాహనాలకు అతుకులు వేసినవాడికి ఇచ్చే మర్యాద అంతా టీ బ్రేకులో నాకు దక్కేది.

ఆ ఊపు మీదున్న రోజుల్లోనే అసెసర్‌గా ఆర్‌పీఎల్ క్యాంపులకు వెళ్లడం మొదలైంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015లో వచ్చింది. అందులో ఆర్‌పీఎల్ అంటే, బడికి పోకుండా పనిలోనే పని నేర్చుకున్నవాళ్లను పరీక్షించి వాళ్ల నైపుణ్యానికి ముద్ర వేయడం. అప్పట్లో పాసైతే సర్టిఫికెట్, ఖాతాలో 500 రూపాయలు వచ్చేవి. నా మాట అడిగితే చాలా మంచి ఆలోచన. తాపీమేస్త్రీకి, దర్జీకి, వెల్డరుకు మీ చేతికి ఇదివరకే వచ్చినదాన్ని మేం ఒప్పుకుంటున్నాం అని సర్కారు చెప్పడం చిన్న సంగతి కాదు. ఒప్పుకోవాల్సిన చోట నాలాంటివాణ్ని కూర్చోబెట్టడమే దానికి పట్టిన దరిద్రం.

ఒక క్యాంపుకు రామాయంపేట రోడ్డులో ట్రాలీల షాపు నడిపే ఆయన వచ్చాడు. ట్రాక్టర్ ట్రాలీలు, గేట్లు, వానాకాలం వస్తే కరిగట్టు దున్నే కేజ్‌వీల్స్, ఇవి ఆయన పనులు. నా కన్నా రెండు మూడేళ్లు పెద్దవాడే ఉంటాడు. ఇచ్చిన జాబ్ టీ ఆకారంలో రెండు ప్లేట్లు అతకడం. ఆయన మెషీను మీద అంకె వైపు చూడనేలేదు. పక్కన పడున్న తుక్కు ముక్క మీద రాడ్ గీసి, చెవి అటు పెట్టి, చప్పుడు నూనెలో మిర్చీలు వేగినట్టు వచ్చేదాకా కరెంటు తిప్పుకున్నాడు. తర్వాత ప్లేట్లకు రెండు చివరలా చిన్న టాకాలు వేసి, మూలమట్టం పెట్టి చూసి, ఒక్క ఊపులో బీడ్, అంటే అతుకు గీత, లాగేశాడు. చల్లారుతుంటే దాని మీద పెచ్చులా కట్టిన స్లాగ్ దానంతటదే లేచి ఊడింది. కరెంటు, వేగం, రాడ్ వంపు మూడూ కుదిరినప్పుడు అట్లా ఊడుతుంది. బాలానగర్‌లో ఉన్నప్పుడు నాకు అది బాగా తెలిసిన సంగతి.

క్యాంపులో మాత్రం నేను మార్కులు వేసే ట్యాబ్ వైపు చూస్తున్నాను. కరెంటు రీడింగ్ చూసుకున్నాడా? లేదు. గేజ్‌తో వెల్డ్ సైజు కొలిచాడా? లేదు, బొటనవేలి గోరుతో చూశాడు. మార్కులు కోశాను. తర్వాత నోటి పరీక్ష. "6013 రాడ్‌లో ఒక్కో అంకెకు అర్థం చెప్పు" అన్నాను. ఇంగ్లిష్‌లో అడిగాను. తెలుగులో అడిగితే పరీక్ష స్థాయి తగ్గిపోతుందని నా భయం. 'చెప్పు' అన్నట్టే అడిగాను, వయసులో పెద్దవాడన్న మర్యాద కూడా లేకుండా. పక్కనున్న కుర్రాడు ఆయనకు విడమరిచి చెప్పాడు. ఆయన కాసేపు ఆలోచించి, "గా అంకెలు నేనెన్నడు చూడలే సార్. సన్న రేకుకు ఒక రాడ్, లోడు పడే కాడికి ఇంకో రాడ్. లోడు పడేదాన్ని ఎండల ఆరబెట్టి కొట్టాలె. చెమ్మ వడితె అప్పుడు మంచిగనే అతుకుతది, తెల్లారేసరికి పగుల్తది" అన్నాడు.

ఆ జవాబులో ఏముందో ఇప్పుడు చెబుతాను. ఆయన చెప్పిన రెండో రాడ్ 7018. మొదటి రెండు అంకెలు వెల్డ్ ఎంత లాగుడుకు తట్టుకుంటుందో చెబుతాయి, చదరపు అంగుళానికి 70,000 పౌండ్లు. మూడోది ఏ పొజిషన్‌లోనైనా కొట్టొచ్చని. చివరిది పైపూత రకం. ఆ పూతలో హైడ్రోజన్ తక్కువ ఉండాలి. చెమ్మ పడితే హైడ్రోజన్ వెల్డ్‌లోకి చేరుతుంది, పైకి అంతా బాగున్నట్టే ఉండి, గంటలు గడిచాక లోపల్నుంచి పగులుతుంది. లోహశాస్త్రం పుస్తకంలో ఒక అధ్యాయం పట్టే ఈ సంగతిని ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. ఎండ చాలదు, అలాంటి రాడ్లను ఓవెన్‌లో ఆరబెట్టాలి, అది నిజమే. కానీ ఎందుకు ఆరబెట్టాలో ఆయనకు తెలుసు. నేను "ఎండలో కాదు, ఓవెన్‌లో" అని సరిదిద్ది, సున్నా వేశాను.

ఆయన తప్పాడు. అంకెలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన ఒక కుర్రాడు పాసయ్యాడు. వాడి బీడ్ మీద స్లాగ్ ఇంకా అంటుకునే ఉంది.

ఆ రాత్రి అన్నం తింటూ నా నిక్కచ్చితనం గురించి మా ఆవిడకు చెప్పుకున్నాను. ఆమె అంతా విని, "మన గేటు చేసింది ఆయనేనాయె. ఇన్నేండ్లాయె, ఒక్క కీలు కదలకపాయె" అంది. "గేటు వేరు, స్టాండర్డ్ వేరు" అన్నాను. ఆ మాట పెద్దగా అన్నాను కూడా. పిల్లలు వింటున్నారు.

కంపెనీలో ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. నేను చేరిన కొత్తలో అక్కడ రాడ్ వెల్డింగే. తర్వాత లైనంతా సీఓటూకు మారింది. రాడ్ బదులు చుట్ట నుంచి వైరు దానంతటదే వస్తుంది, దాని చుట్టూ గ్యాసు వచ్చి గాలిని దగ్గరికి రానివ్వదు. నేను ఆ మెషీను మీద నాలుగు పాఠాలు చెప్పాను, అన్నీ స్లైడ్లే. గన్ను పట్టుకుంది తక్కువ. ఒక మే నెలలో ట్రైనింగ్ షెడ్డు పొయ్యిలా కాలుతుంటే నేనే ఒక పెడస్టల్ ఫ్యాను తెప్పించి, నా కుర్చీకి గాలి తగిలేలా పెట్టించాను. ఆరోజు పిల్లలు కొట్టిన ప్రతి బీడ్ నిండా రంధ్రాలే. తుప్పు సరిగ్గా గీకలేదని, నూనె తుడవలేదని, మనసు పని మీద లేదని వరసపెట్టి తిట్టాను. ఒక అప్రెంటిస్ అమ్మాయి మాత్రం ప్లేటును బ్రష్షుతో తెల్లగా తోమి, మళ్లీ కొట్టి, మళ్లీ రంధ్రాలు తెచ్చి నా ముందు పెట్టింది. నేను "ఇంకా గీకు" అన్నాను.

అటుగా సిలిండర్ మార్చడానికి వచ్చిన హెల్పర్ ఆ ముక్క చూసి, నన్ను చూసి, వెళ్లి ఫ్యాను స్విచ్ ఆపేశాడు. గాలికి గ్యాసంతా కొట్టుకుపోతోంది, అంతే సంగతి. తర్వాతి బీడ్ నున్నగా వచ్చింది. ఆ హెల్పర్‌కు ఏ ఫైలూ లేదు. నేను పిల్లలతో ఏమన్నానో తెలుసా? "చూశారా, మీరు కనిపెడతారా లేదా అని పరీక్ష పెట్టాను" అన్నాను. ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు గురించి రాయను.

ఇన్ని జరిగినా నాకు బుద్ధి రాలేదు. నాకు బుద్ధి చెప్పింది ఇంకో వర్క్‌షాపు. హైదరాబాదులో అసెసర్ల కోసం పెట్టారు. మామూలుగానే ఇస్త్రీ బట్టలతో వెళ్లాను. అక్కడ బెలూన్లు లేవు. మొదటి రోజు లోపలికి రాగానే ఆప్రాన్లు, గ్లవ్స్ ఇచ్చి, అందరినీ బూత్‌లలో నిలబెట్టి, నిలువుగా బిగించిన ప్లేట్లకు కింది నుంచి పైకి అతుకు వేయమన్నారు. కొందరికి గొంతు ఆరిపోయింది. ఒకాయన నడుము నొప్పి అని కూర్చున్నాడు. నేనూ ఏదో లాగించాను. ముక్కల వెనక నంబర్లు కొట్టి పట్టుకెళ్లారు.

రెండో రోజు ఆ ముక్కలన్నీ కలిపేసి, నంబర్లు కనపడకుండా కింద అట్ట అంటించి, బల్ల మీద వరసగా పెట్టారు. ఒకరితో ఒకరు మాట్లాడకుండా అన్నిటికీ మార్కులు వేయమన్నారు, ప్రతిదానికీ ఒక వాక్యం రాయమన్నారు. నా ఉత్సాహం చూడాలి! ఇదే కదా నా పని. ఒక ముక్క మరీ ఘోరంగా కనిపించింది. బీడ్ పక్కన ప్లేటు తినేసి గాడి పడింది, అలలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉన్నాయి. ఫెయిల్ చేసి, కింద "అండర్‌కట్ ఉంది. అభ్యర్థికి ప్రాథమిక శిక్షణ అవసరం" అని రాశాను. 'ప్రాథమిక' కింద గీత కూడా కొట్టాను.

అట్టలు తీస్తే అది నా ముక్క.

పక్క కుర్చీలో నల్లగొండ నుంచి వచ్చిన అసెసర్ నవ్వు ఆపుకోలేక చాయ్ ఒలకబోసుకున్నాడు. పాఠం చెప్పేవాళ్లు నవ్వలేదు. అందరి మార్కులూ బోర్డు మీద రాశారు. అసలు దెబ్బ అక్కడ తగిలింది. ఒకే ముక్కను ఒకరు మెచ్చుకున్నారు, ఇంకొకరు ఫెయిల్ చేశారు. నేను ఫెయిల్ చేసిన నా ముక్కను సగం మందికి పైగా పాస్ చేశారు. పోనీ నా చెయ్యి పాడైందనుకుంటే ఒక బాధ. ఇక్కడ అందరి కళ్లూ ఒకే చోట చూడడం లేదు. మేమంతా ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పాస్, ఫెయిల్ అని రాస్తున్నాం. ఆ రాతల వెనక ఒప్పుకున్న కొలత ఒకటి ఉందని నేను ఆరోజు దాకా నమ్మాను. ట్రాలీల షాపాయన నా బల్ల ముందుకు కాకుండా ఆ నల్లగొండాయన బల్ల ముందుకు వెళ్లి ఉంటే పాసయ్యేవాడేమో.

ఆస్ట్రేలియాలో దీనికి ఒక పద్ధతి పెట్టారు. అక్కడ వృత్తి శిక్షణ సంస్థలు ఒక్కో కోర్సు అసెస్‌మెంట్లను కనీసం అయిదేళ్లకోసారి మళ్లీ బయటికి తీసి, ఆ పరీక్షతో నేరుగా సంబంధం లేనివాళ్లను కూర్చోబెట్టి, తీర్పు సరిగ్గా ఉందా అని చూడాలని 2015 ప్రమాణాల్లో రాసుకున్నారు. ట్రైనర్ తన పరిశ్రమలో ఇప్పుడు నడుస్తున్న పని తెలిసినవాడై ఉండాలని కూడా. ఎప్పుడో బాలానగర్‌లో చేశాను అంటే చెల్లదు. మన దగ్గర ఎన్‌సీవీఈటీ అనే నియంత్రణ సంస్థను 2018 డిసెంబరులో నోటిఫై చేశారు. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలకు, అసెస్‌మెంట్ ఏజెన్సీలకు గుర్తింపు ఇచ్చేది అదే. ఏజెన్సీకి గుర్తింపు రావడం వేరు, నా కంటికి రావడం వేరు.

శిక్షణ గంటల లెక్కలో బతికింది నేనొక్కణ్నే కాదని తెలిసి కొంచెం ఊరట పడ్డాను. ఇంగ్లండులో కాలేజీల్లో వృత్తివిద్య నేర్పే పూర్తికాలపు టీచర్లు ఏడాదికి 30 గంటలు సొంత అభివృద్ధికి పెట్టి లెక్క చూపాలని 2007లో చట్టమే చేశారు. 2012లో ఆ నిబంధన ఎత్తేశారు. ఎవరి ఎదుగుదల వాళ్ల వృత్తికి, వాళ్ల కాలేజీకి వదిలేయాలన్నారు. మన 2020 జాతీయ విద్యావిధానం బడి టీచర్లకు ఏడాదికి కనీసం 50 గంటలు అంటోంది. గంటలు అడగడంలో తప్పులేదు, అడక్కపోతే నాలాంటివాళ్లు ఇంట్లోంచి కదలరు. కానీ బెలూను ఊదిన గంటా, బూత్‌లో చెమటోడ్చిన గంటా రిజిస్టరులో ఒకటే గంట. జర్మనీ కథ దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ అప్రెంటిస్‌లకు నేర్పేవాడు ముందు తానొక పరీక్ష పాస్ కావాలి. ఎక్కువ కంపెనీలు అప్రెంటిస్‌లను తీసుకుంటాయని ఆశపడి 2003లో ఆ నిబంధనను పక్కన పెట్టారు. 2009లో మళ్లీ తెచ్చారు. నేర్పేవాడికి పరీక్ష అక్కర్లేదన్న ముచ్చట ఆరేళ్లకే తీరిందన్నమాట.

మన రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన చేశారు. టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం. రోబోలు, సీఎన్‌సీలు వస్తున్నాయి. రావాలి. రోబో ముందు కూడా ఎవడో ఒకడు ఫ్యాను పెడతాడు. దాన్ని ఆపాలని తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ ఆ షెడ్డులో ఉండాలి. మెషీను బడ్జెట్ పక్కనే ఇన్‌స్ట్రక్టర్ చేతికి పని పెట్టే బడ్జెట్ కూడా ఉండాలని నా గట్టి అభిప్రాయం. నా మాట ఎవరు వింటారంటారా, కనీసం నా బతుకైనా చూడండి.

వర్క్‌షాపు నుంచి వచ్చాక చెయ్యి మళ్లీ తిప్పుకోవాలనిపించింది. కంపెనీలో లైను ఖాళీ ఉండదు, ట్రైనర్ సరదా కోసం వైరు కాల్చనివ్వరు. సిగ్గు చంపుకుని రామాయంపేట రోడ్డుకు వెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టి, స్టూలు వేసి, "ఏంది సార్, ఈసారి షాపుకాడికే వచ్చిండ్రు, పాస్ చేయనీకా?" అన్నాడు. పాస్ చేసే దారి నాకు లేదు. ఆ ఫలితం ఎప్పుడో అప్‌లోడ్ అయిపోయింది. ఆ సంగతి చెప్పాను. ముక్కలు అతికి చూసుకుంటాను, కాస్త చోటివ్వండి అని అడిగాను. "కొట్టుకోండ్రి. రాడ్ల పైసలు మీవే" అన్నాడు.

నా చేతిపని కాసేపు చూసి ఆయన నా చేతి గురించి ఏమీ అనలేదు. "సార్, మీకు మంచిగ కనవడ్తలేదు. కండ్లు చూపిచ్చుకోండ్రి" అన్నాడు. చూపించుకుంటే దగ్గరి చూపు తగ్గిందని తేలింది. చాలా కాలంగా తగ్గే ఉంటుందన్నాడు డాక్టరు. హెల్మెట్ లోపల నల్లద్దం వెనక పెట్టుకునే పవర్ అద్దం ఒకటుంటుంది, పెద్దవయసు వెల్డర్లు వాడతారు. అది పెట్టుకున్నాక కరిగిన లోహం అంచు కనిపించింది. ఇన్నాళ్లూ నేను వెలుగును చూస్తూ కొడుతున్నాను, కరిగే అంచును కాదు. గాడి పడకుండా ఎట్లా ఉంటుంది? బీరువాలో నా ఫైలులో ఉన్న ఏ కోర్సులోనూ నన్ను ఎవరూ కళ్లు చూపించుకోమనలేదు. నేనూ నా క్లాసులో నలభై దాటిన ఏ వెల్డర్నీ అనలేదు.

ఇప్పుడు వీలు దొరికినప్పుడల్లా అక్కడికి వెళ్తున్నాను. ఆయన రాడ్ల లెక్క గోడ మీద సుద్దముక్కతో రాస్తాడు, ఒక్కటి కూడా వదలడు. బావమరిది మోటరు స్టాండు అతికిచ్చాను. కొంచెం వంకరగా వచ్చింది, నిలబడింది. క్యాంపులకు పోతే ఇప్పుడు తెలుగులోనే అడుగుతున్నాను, ముందు ముక్క చూసి తర్వాతే ట్యాబ్ చూస్తున్నాను. ఇంత చేసినా నా మార్కులూ పక్క జిల్లా అసెసర్ మార్కులూ కలుస్తాయన్న నమ్మకం నాకు లేదు. అది ఒక్కణ్నే కూర్చుని సరిచేసుకునే పని కాదు.

అందుకే ఒక విన్నపం. మెదక్, సిద్దిపేట, సంగారెడ్డి, కామారెడ్డి వైపు వెల్డింగ్ నేర్పేవాళ్లు, పరీక్షించేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక ఆదివారం మెదక్ రండి. తలా ఒక ముక్క అతుకుదాం, నంబర్లు దాచి అందరం అన్నిటికీ మార్కులు వేద్దాం, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ కూర్చుని కొట్లాడుకుందాం. సర్టిఫికెట్ ఇవ్వను, గ్రూపు ఫోటో ఉండదు. చాయ్ నాది. రాడ్ల పైసలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోండి, ఆయన అప్పు పెట్టడు.